పన్నెండోది

డీకన్ పెట్వే మొదట యాంప్లిఫయరు తేలేదు.
పిప్పరమెంటు డబ్బా ఒకటి తెచ్చి
నా బల్ల మీద బోర్లించాడు.
గాజు పురుగుల్లా దొర్లాయి
పదకొండు ఫ్యూజులు.

"అన్నీ ఆదివారాలే," అన్నాడు.
"శనివారం ప్రాక్టీసులో ఒక్కటీ పోలేదు."

వాల్డోస్టాలో ఆగస్టు. రేకుల షెడ్డు.
ఫ్యాను తిప్పేది గాలిని కాదు, సీసం పొగని.
ఒక్కొక్కదాన్నీ వెలుగుకి పట్టి చూశాను.
తీగ నడుమ కరిగి వేలాడితే
బరువు మోసి మోసి పోయిందని.
గాజంతా మసి కమ్మితే
ఒక్క దెబ్బకి పోయిందని.
పదీ మసి మొహాలే.
పదకొండోది మాత్రం తళతళలాడుతోంది,
ఒంటి నిండా చూయింగ్ గమ్ రేకు చుట్టుకుని.

"ఎవరి పని ఇది?"
డీకన్ తన బూట్లు చూసుకున్నాడు.
"పాట మధ్యలో ఆగిపోతే ఎట్లా, ఆర్డెల్?"
"చర్చి తగలబడితే ఎట్లా?"
కావలివాడి నోట్లో గుడ్డలు కుక్కి
ఊరు ప్రశాంతంగా ఉందనుకున్నాడు ఈయన.

సోమవారం కాయిర్ కుర్రాళ్ళిద్దరు మోసుకొచ్చారు.
శవపేటికంత బరువు, అంత జాగ్రత్త.
వెనక పలక విప్పి
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను.
అది దర్జా కాదు. రెండు చేతులూ లోపలికి పోతే
కరెంటు గుండె మీదుగా అడ్డదారి తొక్కుతుంది.
ప్లగ్గు పీకి గంటైనా
కెపాసిటర్లు పగ మరిచిపోవు.
మీటరు ముల్లు సున్నా మీద పడుకునేదాకా
వాటి విషం దించుతూ కూర్చున్నాను.

తర్వాత కరెంటు దారిలో
వంద వాట్ల బల్బు వేలాడదీశాను.
లోపల షార్టుంటే అదే చాడీ చెబుతుంది.
ట్యూబులన్నీ పీకి స్విచ్చి వేస్తే
బల్బు ఒక్కసారి మెరిసి మినుకుమంది.
ట్రాన్స్‌ఫార్మరు బతికే ఉంది.
ఆ గమ్ రేకు దాన్ని చంపనందుకు
దేవుడికో, జపాన్ వాడి రాగితీగకో, దండం.

పవర్ ట్యూబులు నాలుగింటికీ
నా ఎర్ర గోళ్ళరంగుతో అంకెలు వేసి
ఒక్కొక్కటే గుచ్చాను. అన్నీ బుద్ధిమంతులే.
చెక్క పుల్లతో తట్టాను, ఉలుకూ పలుకూ లేదు.
పన్ను డాక్టరు గుమ్మం ఎక్కగానే
పంటినొప్పి మాయమైనట్టు.

మంగళవారం. బుధవారం.
గురువారం ఫోన్ చేశాను:
"నీ స్టీల్ గిటారు తీసుకురా. ఫ్యూజు నువ్వే కొట్టించాలి."

బల్బు తీసేశాను. అసలైన ఫ్యూజు పెట్టాను.
అతను మోకాళ్ళ మీద గిటారు పెట్టుకుని
పెళ్ళివారింట కూర్చున్న అతిథిలా వాయించాడు.
ఏమీ కాలేదు.
"ఇట్లా కాదు," అన్నాను.
"సిస్టర్ ఓజెల్లా లేచి చేతులెత్తినప్పుడు వాయిస్తావే, అట్లా."

చాలాసేపు ఊరుకున్నాడు.
చొక్కా పైగుండీ విప్పాడు.
ఇనుప బద్ద జారుతూ జారుతూ
అడుగు తీగ మీదికి దిగింది.
బల్ల మీద మరలు నడక మొదలెట్టాయి.
పక్క షాపు కుక్క ఏడ్చింది.
నాకు పట్టని నమ్మకం ఏదో
నా బిగించిన పళ్ళలోంచి దూరి పోయింది.
అప్పుడు
మూడో నంబరు గాజులో నీలి మెరుపు.

టప్.

"దొరికావురా!" అని గెంతాను నేను.
అతను మాత్రం కళ్ళు తెరవలేదు.
పాట ఇంకా అతని దగ్గరే ఉంది,
దిగడానికి మెట్టు లేక.

ట్యూబు లోపల తీగకీ తీగకీ మధ్య
వెంట్రుకవాసి ఎడం మిగిలింది.
ఆ ఒక్క స్వరానికే వణికి ముట్టుకుంటాయి.
"అయితే ఆ స్వరం మానుకోనా?" అడిగాడు.
"ట్యూబు మానుకో. జతగా మార్చాలి, ఎనభై డాలర్లు."
ఒక్కో డాలరు నోటూ మడత తీసి లెక్కపెట్టాడు.

వెళ్తూ చచ్చిన ట్యూబు అడిగి తీసుకున్నాడు.
పన్నెండు ఫ్యూజుల పక్కన దాన్ని ఇరికిస్తే
డబ్బా మూత పడలేదు.
అలా తెరిచే పట్టుకుని నడిచాడు, ఎండలో.

నేను చర్చికి పోను.
ఆదివారం పదకొండింటికి మాత్రం
ఫ్యాను ఆపి కిటికీ తీశాను.