పళ్ల మీది చర్మం

తొంభై ఆరుల నా మొదటి పోస్టింగు.
మాల్ కాడ బస్సు మారి
మర్రిగూడ దాటినంక దిగి
బత్తాయి తోటల పొంటి కిలోమీటరున్నర నడిస్తే
రేకుల బడి.

పదో తరగతి, ఆరో పీరియడు.
నెత్తి మీద రేకులు కాలుతున్నయి.
బోర్డు మీద ఇంగ్లీషోళ్ల జాతీయాలు రాసిన.
బిట్ పేపర్ల రెండు మార్కులకొస్తయి.

"పిల్లులూ కుక్కలూ కురుస్తున్నయంటే
కుండపోత వాన" అని చెప్పిన.
ఒక్కరన్న నవ్వలే.
కిటికీల నుంచి మొగులు దిక్కు చూసి
ముత్యాలు లేచిండు:
"గవన్న పడనీయుండ్రి సార్,
కుంటల ఇంత తడైతది."

బకెట్‌ను తన్నుడంటే సచ్చిపోవుడు.
గీడ మాత్రం క్లాసంత గొల్లుమన్నది.
మొన్న ట్యాంకరు కాడ
వరుస దప్పిందని ఈదమ్మ బకెట్‌ను
సర్పంచి మరదలు తన్నిందట.
ఈదమ్మ సావలే.
కొప్పు వట్టి గుంజి, బురదల గూసోవెట్టి,
ఒలికిన నీళ్లకు లెక్క అడిగిందట.
"మరి గిది ఏం జాతీయం సార్?"
గైడు తిరగేసిన. గైడ్ల లేదు.

ఒకటి నేనే ఎగ్గొట్టిన.
కాలు ఇరగ్గొట్టుకోమంటే
వాళ్ల దిక్కు దీవెనట.
ముందు బెంచీల నర్సిరాములున్నడు.
వాని నాయిన
ఇల్లులెక్క వంగిన నడుముతోని
దొడ్డికాళ్లు ఈడ్చుకుంట
రోజూ గేటు దాక సంచి మోసుకొస్తడు.
నలభై కూడ నిండలేదంటరు.
బోర్డు మీద ఆ వరుస తుడిచేసిన.
"అది రాదు పరీక్షకు" అన్న.

ఇగ ఆఖరుది.
పళ్ల మీది చర్మమంత సందుల బయటపడ్డడంటే
సావు దప్పి కన్ను లొట్టబోయినట్టు.
రాసుకోండ్రి.

"పళ్లకు చర్మముంటదా సార్?"
ఎల్లేశ్వరి.
ఎప్పుడు మాట్లాడినా
అరచెయ్యి నోటికడ్డం.
ఆ చెయ్యి ఎనక ఏమున్నదో
బడిల అందరికీ ఎరుకే,
అందరి నోట్లె అదే ఉన్నది.
ఎర్ర రంగేసిన బోరింగు కొట్టీ కొట్టీ తాగిన
పసుపుపచ్చ గీతలు, గోధుమ మచ్చలు.
అయినా చెయ్యడ్డం వెట్టుకునేది
ఆమె ఒక్కతే.

ఆ అరచెయ్యే ఆమె పళ్ల మీది చర్మమని
నాకప్పుడు తట్టలే.
నీళ్లు నమిలిన.
నావి పట్నం నుంచి క్యాన్ల మోసుకొచ్చుకున్న నీళ్లు.

మన దిక్కు ఆ మాట ఎవరు పుట్టిచ్చిండ్రో గని,
నోట మాట రానోడు నీళ్లు నములుతడంటం.
ఆ ఊర్లె నీళ్లే మనుషులను నమిలినయి.
ముందుగాల పళ్లు,
తర్వాత మోకాళ్లు,
ఆఖరుకు వెన్నుపూస, ఒక్కొక్క బొక్క,
తొందరేం లేకుంట.

హాఫ్ ఇయర్లీ పేపర్లు
అద్దె రూముల, కరెంటు పోయిన రాత్రి,
లాంతరు ముంగట దిద్దుతున్న.
"సొంత వాక్యంలో వాడుము."
ఒక్కొక్కరు గైడ్ల వాక్యమే,
దొంగ పోలీసుల నుంచి తప్పించుకున్నడని
ముప్పై రెండు సార్లు చదివిన.

ఎల్లేశ్వరి పేపరు వచ్చింది.
గుండ్రటి అక్షరాలతోని, ఇంగ్లీషుల:
మా తమ్ముడు పళ్ల మీది చర్మమంత సందుల
తప్పించుకున్నాడు.
వాడు మా మేనత్త ఊర్లో ఉండి
అక్కడి నీళ్లు తాగుతాడు.

లాంతరు ఒత్తి పెంచిన.
మల్లొకసారి చదివిన.
రెండుకు రెండు ఏసిన.
ఎర్ర పెన్ను ఎత్తిపట్టి
ఇంకేదో రాయాలని చానసేపు కూసున్న.
ఆఖరుకు
మేనత్తకు ఒక అక్షరం తక్కువైతే
అదొక్కటి దిద్ది
పక్కన పెట్టిన.