కుళాయి దగ్గు

సాయంత్రం ఐదున్నరకి స్తంభం మీది మైకు చెప్పింది:
ఈ రాత్రి సున్నాకి ఇరవై ఏడు డిగ్రీల కింద.
దయచేసి గొట్టాల్లో నీళ్ళు దించేసి పడుకోండి.
రికుబెత్సులో ఇది వార్త కాదు,
పళ్ళు తోముకోండి అన్నట్టే.

పొద్దున్న ఆరింటికి కినుయే గారి ఫోను.
"హయసాకా, మా వంటింటి గోడ ఏడుస్తోంది."

గోడ చెక్కలు ఊడదీశాను.
రాగి గొట్టం నిలువునా చీలి ఉంది,
గుడ్ల చేప కడుపు కోసినట్టు.
చిటికెన వేలంత చీలిక.
గుప్పెడు నీళ్ళ పని అది.

రాత్రి పిడి తిప్పారా, అన్నాను.
తిప్పానన్నారు.
కాలెండరులో గుర్తు కూడా పెట్టారు, చూపించారు.
మరి కుళాయిలు తెరిచారా?

ఆవిడ నీళ్ళు నమిలారు.

నాకీ పని నేర్పిన మేస్త్రీ
గ్లాసులో స్ట్రా ముంచి, పైన వేలితో మూసి, ఎత్తి చూపించేవాడు.
చూశావా, పడదు.
వేలు తీసేవాడు. నీళ్ళు నా బూటు మీద పడేవి.
పిడి తిప్పితే భూమిలోకి దారి తెరుచుకుంటుంది, అంతే.
చలి చెయ్యి చాపినా అందని లోతుకి నీళ్ళు దిగాలంటే
పైన ఎక్కడో ఒక నోరు తెరుచుకోవాలి.
గాలి వస్తేనే నీరు పోతుంది.

ఇదంతా ఆవిడకి తెలుసు.
టీ పోసి, కప్పు నా వైపు జరిపి, కప్పుకే చెప్పారు:

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పని తొకుజిది.
ముందు స్నానాల గది, తర్వాత ముఖం కడిగే తొట్టి, ఆఖర్న వంటిల్లు.
నేను దుప్పట్లో వింటూ పడుకునేదాన్ని.
అక్టోబరులో, ఒబిహిరో ఆసుపత్రిలో
ఆయన ఆఖరిసారి తీసుకున్న ఊపిరి
అచ్చం ఈ కుళాయిదే.
లోపలికి, పొడుగ్గా,
ఇంకా లోపలికి.
తర్వాతేమీ లేదు.
మనిషి మీద ఆశకి ఎప్పుడో నీళ్ళొదులుకున్నాను, హయసాకా.
ఈ నీళ్ళే వదల్లేకపోయాను.
ఇన్నాళ్ళూ సన్నటి ధార పెట్టి నెట్టుకొచ్చాను.
నిన్న ధైర్యం చేసి పిడి తిప్పాను.
కుళాయి మాత్రం ముట్టుకోలేదు.

నా పెట్టెలో పదకొండు సైజుల రెంచీలున్నాయి.
బటన్ నొక్కితే చాలు, పిడి తిప్పే పనే ఉండదు,
అలాంటి యంత్రం ఉందండీ, అన్నాను.
"చప్పుడు?"
చప్పుడు మాత్రం అదే.
"మరి డబ్బెందుకు దండగ."

చీలిన ముక్క కోసి, కొత్తది అతికి,
స్పాంజి తొడిగి, టేపు చుట్టి,
నీళ్ళు వదిలాను.
కుళాయి గుర్రుమంది. ఖాళీగా ఉమ్మింది.
రెండుసార్లు గట్టిగా దగ్గి
తుప్పురంగు నీళ్ళు కక్కి, తేటపడింది.
కినుయే గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.
ఏడుస్తున్నారనుకున్నాను.
"అదుగో," అన్నారు నవ్వాపుకుంటూ,
"పొద్దున్నే, మొదటి సిగరెట్టుకి ముందు. సరిగ్గా ఇలాగే."

బిల్లు సంగతి తర్వాత చూద్దామని
ఒక సంచి బంగాళాదుంపలిచ్చి పంపారు.

ఆ రాత్రి ఇరవై తొమ్మిది.
మా ఇంటికి దారి అటు కాదు, అయినా
ఆవిడ ఇంటి ముందు బండి ఆపాను.
స్నానాల గదిలో దీపం వెలిగింది, ఆరింది.
వంటింట్లో వెలిగింది.
అక్కడే ఉంది.
చేతి తొడుగుల్లో నా వేళ్ళు మొద్దుబారాయి,
అద్దం మీద నా ఊపిరి గడ్డకట్టింది,
గోకి మళ్ళీ చూశాను.
ఇంకా వెలుగుతూనే ఉంది.
అప్పుడు ఆరింది.
తెరిచారో, తెరవకుండానే పడుకున్నారో
మంచు మీంచి ఏ చప్పుడూ రాదు.

పొద్దున్న ఆరు. ఫోను మోగలేదు.
ఆరుంపావు.
మా ఇంట్లో పిడి తెరిచి
దగ్గు వినడానికి నిలబడ్డాను.