తన్ని

ఆరో నెలలో వాడి నాలుకకు వస రాశాం.
మదనపల్లె నుంచి మా అత్త
కొంగున ముడేసుకొచ్చిన కొమ్ము.
తేనెలో అరగదీసి, చిటికెన వేలితో,
"మీ తాత మాదిరి ముక్తసరిగాడివి కావద్దు నాయనా" అంది.
వాడు తుమ్మాడు.
అంతే.

జోగుపాళ్యలో మాది ఒకటే గది.
నేను చీరలకు ఫాల్ కుడతాను,
మిషను కింద నా పాదాల పక్కన వాడు.
మాటకన్నా ముందు రాగం వచ్చింది వాడికి.
పొద్దున్నే సందులో తోపుడుబండి
"సొప్పూ... సొప్పమ్మా సొప్పూ" అని పోతుంటే
లోపల్నుంచి "ఒప్పూ..." అని సాగదీసేవాడు.
ఆకుకూరని తెలియదు, అమ్మకమని తెలియదు,
గొంతు ఎక్కడ పైకి లేవాలో మాత్రం తెలుసు.

ఏడో నెలలో చొంగ కారుస్తూ
అన్ని భాషలూ ఒకేసారి మాట్లాడాడు.
మెట్ల కింద గదిలో పూంగొడి
మల్లెమొగ్గలు కడుతూ ఆగిపోయింది.
"విన్నావా? 'పళం'లో మా అక్షరం!
నాలుగేళ్ళు నేర్పినా నీకు రానిది
నీ కొడుక్కి ఊరికే వచ్చేసింది."
నేను నాలుక మడిచాను, వెనక్కి లాగాను,
'ల'కీ 'య'కీ మధ్య ఎక్కడో జారిపడ్డాను.
ఆమె నవ్వి నవ్వి దారం తెంపుకుంది.

పదో నెలకి ఆ అక్షరం వాడికీ పోయింది.
ఎవరూ లాక్కోలేదు.
ఈ ఇంట్లో అది చెల్లదని ఎలా పసిగట్టాడో,
బరువెక్కిన సంచిలోంచి
దారిలో ఒక్కొక్కటే దించేసినట్టు దించేశాడు.

"బా బా బా" అంటే
పైనుంచి ఓనరమ్మ నింగమ్మ
"బందె కందా, బందె" అంటూ దిగొచ్చేది.
వాడు పిలవలేదు. పెదాలు అంటించి వదిలాడు, అంతే.
కానీ పెదాలు వదిలితే ఒక మనిషి మెట్లు దిగుతోంది!
నాలుగు రోజుల్లో నిజంగానే పిలవడం మొదలెట్టాడు.
మోకాళ్ళ నొప్పుల మనిషి, పాపం.

కుక్క బౌ. ఆవు బౌ.
చెత్త లారీ బౌ.
మీటరు చూడ్డానికొచ్చిన గడ్డపాయన కూడా బౌ.
ఆకలేస్తే నన్నే అడిగేవాడు, "పాలు కావాలా?" అని.
పాలకన్నా ముందు రోజూ వినపడే మాట అదే కదా.

ఇదంతా తర్వాతి సంగతి. అసలు మొదటి మాట,
ఏడాది నిండిన వారానికి,
గడప పట్టుకు నిలబడి, స్పష్టంగా:
"తన్ని."
మా అత్త ఉలిక్కిపడింది.
"ఎవర్రా? ఎవరు తన్నింది?"
"నీళ్ళత్తా. అరవంలో నీళ్ళు."
"వస అరగదీసింది నేనూ, మాట దానిదా!"
ఆ పూట అన్నం మానేసింది.
నిజం చెప్పొద్దూ, నేనూ ఉడుక్కున్నాను.
గ్లాసు వెనక దాచి
"నీళ్ళు అను. నీ...ళ్ళు" అని పది రోజులు బేరమాడాను.
వాడు నా పెదాలు చూశాడు. నా భుజం వెనక్కి చూశాడు.
"తన్ని" అన్నాడు.
మెట్ల కిందికి పాకి పోయాడు,
ఆమె స్టీలు చెంబు దగ్గరికి,
పూలు తడిపే ఆ చల్లటి చేతుల దగ్గరికి.

ఆషాఢంలో అద్దె వెయ్యి పెంచారు.
పూంగొడి గది ఖాళీ చేసింది.
ఆటోలో చాప, స్టవ్వు, పూలబుట్ట.
వాడప్పుడు నిద్రలో ఉన్నాడు.

సాయంత్రం తాళం ముందు కూర్చుని "తన్ని" అన్నాడు.
నీళ్ళు తెచ్చాను. నెట్టేశాడు.
గ్లాసు మార్చి తెచ్చాను, చెంబుతో తెచ్చాను.
గచ్చంతా తడిసింది.
తాళాన్ని అరచేత్తో కొట్టి "తన్నీ..." అన్నాడు,
చివర్న గొంతు పైకెత్తి,
సొప్పు బండివాడిలా సాగదీసి.

పది రోజుల నా బేరం గుర్తొచ్చి సిగ్గేసింది.
నేను నీళ్ళను దిద్దుతూ కూర్చున్నాను.
వాడు నీళ్ళనెప్పుడు అడిగాడని?

పక్కన చతికిలబడి
వాడి మాటనే మొదటిసారి నోట పెట్టుకున్నాను:
"తన్ని లేదురా. తన్ని పోయింది."
వాడు నా నోటికేసి చాలాసేపు చూశాడు.
"తన్ని... పోయె."
రెండు మాటలు పక్కపక్కన పెట్టడం
వాడికదే మొదలు.

"వాడికి నీళ్ళియ్యవే,
ఎంతసేపు అడిగించుకుంటావు!" అని
మా అత్త లోపల్నుంచి అరుస్తూనే ఉంది.