ఐతారం ఆగిన ఓడ

ఐతారం పదకొండు గొట్టంగ
సోమశిల రేవుల లాంచి ఆగుతది.
నలభై అయిదు నిమిషాలే అని మైకుల చెప్తరు.
నల్లద్దాలు, టోపీలు, ఒక చంటిపిల్ల, రెండు సెల్ఫీ కట్టెలు
పలక మీదికెల్లి పైలంగ దిగుతయి.
దిగంగనే అందరిదీ ఒకటే మాట:
"ఈడ చూసేటందుకు ఏముంది?"

పెనం మీద బొచ్చె ముక్కలు తిప్పుకుంట
నీళ్లున్నయి అంట.
నీళ్ల కింద మా పాత ఊరున్నది, అది మాత్రం చెప్ప.
నిమ్మకాయ పిండుకునేటోళ్లకు
మునిగిన గడపల లెక్క ఎందుకు?

నేనూ ఒకప్పుడు దిగినోణ్ణే.
పదమూడు అంతస్తుల ఓడ.
అన్నిటికన్న అడుగున బట్టలుతికే అర్ర.
కిటికీ లేదు.
ఎనిమిది నెలలు సముద్రం మీదుండి
సముద్రాన్ని తువ్వాళ్ల తడిలనే చూసిన.
ఒక ఐతారం మేస్త్రి నాలుగు గంటలు వదిలిండు.
జర్మనీ దేశం, సముద్రపొడ్డు,
ఊరి పేరు వార్నెముండె.
ఫోన్ల చెప్తే మన్నెమ్మ
"వార్నీ! అది ఊరి పేరా,
ఎవర్నన్న తిడుతున్నవా కుర్మయ్యా?" అని
ఒకటే నవ్వుడు.
ఆ నవ్వుకే బాలెన్సు మొత్తం అయిపోయింది.

గంటలు మోగుతున్నయి చర్చిల.
అద్దం వెనక నీలం రంగు కట్టె పడవ,
మా అలివేలు అరచెయ్యంత.
ఆ ఒక్క కొట్టుకే తాళం.
ఐతారం అని రాసుంటది గావచ్చు,
నాకు చదువరాలె.
శానసేపు అద్దంల
పడవ మీద నా మొకమే చూసుకున్న.

ఇసుక మీద పెద్ద పెద్ద గంపల లెక్క కుర్చీలు.
కోళ్లను కమ్మినట్టు
ఒక్కో గంప కింద ఇద్దరిద్దరు మనుషులు.
ఒకామె భుజం మీద మా ఓడ తువ్వాల.
మూల తిప్పిన తీరు చూస్తనే ఎరుకైంది,
నా మడతే.
దగ్గరికి పోయి చెప్దామనుకున్న.
పోయి, ఏమని చెప్పాలె?

రాళ్లకట్ట మీద ఒక ముసలాయన గాలమేసిండు.
బకిట్ల నాలుగు చేపలు, ఒక్కటీ జానెడు లేదు.
మా కృష్ణల బొచ్చె ఇంతుంటదని చేతులు జాపిన.
నమ్మలే.
ఆయన అంతకన్న బారుగ జాపిండు.
నేనూ నమ్మలే.
ఇద్దరం బాగ నవ్వుకున్నం.
సంచిల నుంచి బన్ను తీసి సగం తుంపి ఇచ్చిండు,
లోపట చల్లటి చేప, పొయ్యి మొకం చూడంది,
చింతపండు ఎరగని పులుపు.
ఊపిరి బిగబట్టి మింగి
"మంచిగున్నది" అన్న. తెలుగులనే అన్న.
ఆయన ఇంకో తునక పెట్టిండు.

ఓడ కూత పెట్టింది.
అంత పెద్ద ఓడకు అంత దుఃఖపు గొంతెందుకో.
పేరు అడగకుండనే ఉరికిన.

ఇప్పుడు ఈడ,
అందరు దిగినంక దిగుతడు ఒక పిలగాడు.
లాంచి ఊడ్చేటోడు.
చీపురు పలక కాడ దాపెట్టి
నా పొయ్యి నీడల కూసుంటడు.
ధర అడగడు, కొనేటోడు కాదని నాకూ తెలుసు.
"ఈ ఊరి పేరేంది పెదనాయినా?"
ఈ పొద్దటి సంది అడిగినోడు వాడొక్కడే.
"సోమశిల."
సోమశిల, సోమశిల అని
బెల్లం ముక్క తిప్పినట్టు నోట్ల తిప్పుకున్నడు.
"మా అక్కకు చెప్పాలె."

విస్తరాకు తునకల నడిమి ముక్క పెట్టి
పైన ఉల్లిగడ్డ చల్లిచ్చిన.
కారానికి కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు.
"మంచిగున్నది" అంటడు.
అబద్ధమో నిజమో, ఇంకో ముక్క పెట్టిన.

లాంచి కూత పెట్టింది.
వాడు చేతులు లాగుకు తుడుసుకుంట లేసిండు.
నేనూ లేసిన,
చేతిల జల్లిగంటె అట్లనే ఉంది,
నూనె కారుకుంట.