పదకొండు రాగి నాణేలు

ఆ ఆట పంతొమ్మిది రోజులే ఆడింది.
రెండో సోమవారం, థియేటర్‌కి సెలవు రోజని
రికార్డు తీశారు.
ఆ వేళ హార్లెమ్‌లో వానా కాదు, మంచూ కాదు,
రెండూ తేల్చుకోలేని ముసురు.

నేను ఆటగాళ్లకు బట్టలు తొడిగేదాన్ని. ఓజెల్లా నా పేరు.
కథంటూ లేదు దానికి.
ఓ మంగలి షాపు,
అద్దె డబ్బుల కోసం టికెట్టు పెట్టి చేసుకున్న విందు,
మిసిసిపీ నుంచి వచ్చే బస్సులో ఓ కునుకు,
బట్టలుతికే మిషన్ల దగ్గర ఇద్దరాడవాళ్ల తగువు,
ఆగస్టు ఉక్కలో చర్చి నిండా విసనకర్రలు.
వాళ్లకవి పాటలు,
నాకు బొత్తాలు.
ఇరవై రెండు సెకన్లలో
పాస్టరుని పోలీసుగా మార్చేసేదాన్ని,
పళ్ల మధ్య ఆరు పిన్నీసులు కరిచిపట్టి,
చీకట్లో.

స్టూడియో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
"బట్టలు వినపడవు కదమ్మా, నువ్వెందుకొచ్చావు?"
అన్నాడు మీటలు తిప్పే కుర్రాడు.
మర్యాదగానే అడిగాడు.

కాళ్లూ వినపడవన్నారు హోజియాతో.
గదంతా తివాచీ.
హోజియా పెట్వే పాడడు. వాడి మాటంతా మడమల్లోనే.
ఏమీ అనలేదు. వరండాలోకి వెళ్లాడు.
చీపుళ్లు పెట్టుకునే గది తలుపు
బందులూడదీసి మోసుకొచ్చాడు,
నేల మీద పడుకోబెట్టి ఎక్కి నిలబడ్డాడు.
గడియ ఇంకా దానికే వేలాడుతోంది.
"మొహం మీద వేసిన తలుపులు చాలా చూశాను,
కాళ్ల కింద వేసుకున్నది ఇదొక్కటే!"
డ్రమ్ములాయన నవ్వి నవ్వి
మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాల్సొచ్చింది.

చివరి పాట డెల్ఫీన్ టిబ్స్‌ది.
ఉన్ని కోటులో, బూట్లతో మైకు ముందు నిలబడింది.
గొంతు లేవలేదు.
మూడుసార్లు. మూడోసారి దగ్గింది.
గంటకింతని లెక్క కట్టే గడియారం గోడ మీద.
"ఓజీ, గౌను తెచ్చావా?"

తెచ్చాను. ఎవరూ తెమ్మనలేదు,
కాగితం సంచిలో పెట్టుకొచ్చాను.

ఆ గౌను అంచు గాలికి లేచిపోయేది మొదట్లో.
సవానాలో దొరసాని ఇంటి కర్టెన్లకి
అమ్మ సీసం గుళ్లు కుట్టేది, బరువుకి.
నాకు సీసం దొరకలేదు. చిల్లర దొరికింది:
పదకొండు రాగి సెంట్లు,
ఒక్కోదానికి ఒక్కో చిన్న జేబు.

డెల్ఫీన్ తొడుక్కుంది. కళ్లు మూసుకుంది.
మూడో చరణంలో, ఇల్లు ఖాళీ చేసిన ముసలావిడ
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగే చోట,
తనూ తిరిగింది.
గలగల కూడా కాదు,
ఎవరో గుప్పెట్లో చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు.

కుర్రాడు చెయ్యెత్తాడు: "ఏదో చప్పుడొచ్చింది. కోసేద్దామా?"
"అది నా నడక," అంది డెల్ఫీన్. "ఉండనీ."

ఆట మూతపడ్డాక దుస్తులన్నీ తూకానికి అమ్మారు.
అమ్మేముందు రాత్రి ఆ అంచు విప్పాను.
తొమ్మిదే ఉన్నాయి.
ఏ అడుగులో రాలాయో ఆ రెండూ,
మోకాళ్ల మీద స్టేజంతా వెతికాను,
మేకులు దొరికాయి.

అట్ట మీద పేర్లన్నీ వేశారు.
హోజియా పేరులో ఓ అక్షరం తప్పు.
నా పేరు, సరే, ఎందుకుంటుంది?

చాన్నాళ్లకి, పై వాటాలో మిసెస్ లూంబ్లీ గారింట్లో
ఎవరిదో పెళ్లిరోజు. ఆ రికార్డు పెట్టారు.
హోజియా తలుపు మీద పిల్లలు గెంతారు,
అది తలుపని తెలీక.
రెండో వైపు తిప్పారు. చివరి పాట.
నేను ప్లేటు కింద పెట్టేశాను.
మూడో చరణం.

"దుమ్ము పట్టినట్టుంది," అంది మిసెస్ లూంబ్లీ,
"చిటపటమంటోంది చూడు."
మనవడు మెత్తటి గుడ్డ పట్టుకుని లేచాడు.

"తుడవకురా," అన్నాను,
కాస్త గట్టిగానే.
అందరూ ఇటు చూశారు.
నేను లెక్కపెడుతున్నాను.