ఉత్త రాడ్డు

నయీంనగర్ల టైర్ల దుకాణం మీది అంతస్తు.
మెట్లు పదహారు. రెండు దినాలు
పదకొండో మెట్టు కాడికి పోయి మర్లొచ్చిన.

లోపల నాలుగు దిక్కుల అద్దాలే.
ఇంట్ల అద్దం మొఖం మందమే సూపిస్తది,
ఇక్కడ నా ఈపు నాకే ఎదురొచ్చింది.
డిగ్రీ పిల్లలు చెవుల్ల పాటలు పెట్టుకొని
ఇనుమును ఎత్తి దించుతున్నరు,
నేను చున్నీ ముడేసుకునుడు ఐదోసారి.

"అక్కా, ఉత్త రాడ్డు పట్టు" అన్నడు అజ్మత్.
బిళ్ళలు లేని రాడ్డు. అదీ వణికింది.
ఎవరన్న నవ్విన్రా అని అద్దంల ఎతికిన.
ఎవని కండ వాడే సూసుకుంటున్నడు.
జర పాణం నిమ్మళమైంది,
జర కోపమూ వచ్చింది.

ఆఖరుకు ఉరికే పట్టా ఎక్కిచ్చిండు.
"కడ్డీ పట్టుకో అక్కా, పడతవ్."
నేనా?
పరకాల బస్సుల ఇరవై రెండేండ్లు
ఒక చేత టికెట్ మిషిను, ఒక చేత చిల్లర,
గుంతల రోడ్డు మీద
కడ్డీ పట్టకుండ నిలవడ్డదాన్ని.
పట్టా కదిలింది. కాళ్ళకు ఎరుకే.
"ముందుకు జరుగుండ్రి, ముందుకు"
నోట్లకెల్లి దానంతటదే వచ్చింది.
పక్క పిల్ల చెవులకెల్లి పాట తీసి నవ్వింది.
నేనూ నవ్విన,
ఆయాసానికి సగమే వచ్చింది.

ఆరు నిమిషాలు.
అజ్మత్ కాయితం మీద రాసుకున్నడు.

తెల్లారి తొడలు పట్టుకపోయి
బస్సు మెట్టు ఎక్కుడే తిప్పలైంది.
"ఏమైంది సమ్మక్కా" అన్నడు డ్రైవర్ రాజమొగిలి.
"ఏం కాలే, రైట్ రైట్" అన్న.
సంచిల చిల్లర పక్కన
రెండు పిన్నీసులు ఏసుకున్న,
సాయంత్రం చున్నీకి.