సుద్దగీత

గ్దాన్స్క్‌లో ఫిబ్రవరి. రేవు మీంచి ఉప్పుగాలి.
బోగుమీల కుట్టుబల్ల మీద
ఇవాళ ఎవరి కోటూ లేదు.
తువ్వాలులో చుట్టిన చిలక,
తిట్టడానికి తల మాత్రం బయట.

నిన్న కిటికీ అద్దాన్ని ఆకాశమనుకుంది.
మొన్న బీట్‌రూట్ చారు మరుగుతున్న గిన్నె మీదుగా
జానెడెత్తులో పోయింది.
"గోళ్లు తీసినట్టే, నొప్పుండదు,
మళ్లీ మొలుస్తాయి" అన్నాడు పశువుల డాక్టరు
బట్టతల నిమురుకుంటూ.

నలభై ఏళ్లుగా ఆమెకు తెలిసిందొకటే:
పొడుగైతే మడవొచ్చు.
పొట్టిదైతే
ఆ మనిషికి మొహం చూపించలేం.
గుడ్డ మొలవదు.
ఈక మొలుస్తుందట.
ఆ "ట" దగ్గరే చెయ్యి ఆగుతోంది.

కుడి రెక్క విప్పి
ఆరు ఈకల మీద సుద్దతో గీత గీసింది.
పచ్చ కింద ఇంత నీలం ఉందని
ఇంత దగ్గర్నుంచి ఎప్పుడు చూసింది గనక!
కత్తెర అందుకుంది.

కెటిల్ కూసింది.
కట్టేసి వచ్చేసరికి తువ్వాలు ఖాళీ.
బీరువా మీద నుంచి చిలక
అచ్చం ఆమె గొంతుతో
"శనివారానికి ఇచ్చేస్తా" అంది,
కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ ఆమె చెప్పే అబద్ధం.

టీలో సుద్దపొడి రాలుతోంది.
బోగుమీల లేసుగుడ్డ తాను విప్పి
కిటికీకి కొలత తీస్తోంది.